పులిసిన మద్యపానీయాల్లో సహజ రసాయనాల పరీక్ష: తరచుగా అడిగే ప్రశ్నలు

పులిసిన పానీయంలో పరీక్షించవలసిన సహజ పదార్థాలంటే ఏవి?

పండ్లరసమో ధాన్యపు కషాయమో పులిసేటప్పుడు ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మార్చడంతో పని ముగిసిపోదు. ఈస్ట్‌తో పాటు బ్యాక్టీరియా, ముడిసరుకుతో వచ్చిన బూజులు, పండు తొక్కలోని వర్ణకాలు అన్నీ తలా కొంత రసాయనాన్ని ఆ ద్రవంలో వదులుతాయి. ఎవరూ బయటి నుంచి కలపకపోయినా అందులో చేరే ఈ పదార్థాలనే ఇక్కడ సహజ రసాయనాలు అంటున్నాము. హిస్టమిన్, టైరమిన్ వంటి బయోజెనిక్ అమైన్లు, మిథనాల్, ఎసిటాల్డిహైడ్, ఇథైల్ కార్బమేట్, ఓక్రాటాక్సిన్ వంటి బూజు విషాలు, సల్ఫైట్లు ఒక వైపు ఉంటే, మొక్కల నుంచి వచ్చి, మేలు చేస్తాయని పేరు పడిన రెస్వెరట్రాల్, ఇతర పాలీఫినాల్‌లు మరో వైపు ఉంటాయి. సహజంగా వచ్చింది కాబట్టి హాని ఉండదన్న నమ్మకానికి ఈ పట్టికలో చోటు లేదు, ఎందుకంటే వీటిలో ప్రమాదకరమైనవి కూడా పూర్తిగా సహజమైనవే.

ఇన్ని పదార్థాలను వెతికేటప్పుడు అసలు ఆల్కహాల్ సంగతి ఏమిటి?

ఈ ప్రశ్న అందరూ చివర్లో అడుగుతారు గాని మొదట అడగవలసినది ఇదే. ఘనపరిమాణంలో 12.5 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్‌లో లీటరుకు దాదాపు 99 గ్రాముల ఇథనాల్, అంటే మత్తునిచ్చే ఆ ఆల్కహాల్, ఉంటుంది. మనం పరీక్షించే మిగతా పదార్థాలు మిల్లీగ్రాముల్లో, కొన్నయితే మైక్రోగ్రాముల్లో ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యపానీయాలను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవిగా నిర్ధారించిన మొదటి వర్గంలో చేర్చింది. శరీరం ఇథనాల్‌ను ముందు ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. మద్యపానంతో ముడిపడిన ఎసిటాల్డిహైడ్‌ను కూడా ఆ సంస్థ తర్వాత అదే వర్గంలో పెట్టింది. కాబట్టి కింద చెప్పే ప్రతి సంఖ్యనూ ఆ 99 గ్రాముల పక్కన పెట్టి చూసుకోవాలి.

ఒకే పరీక్ష చేయిస్తే అన్నీ తెలిసిపోవా?

తెలియవు. ఒక్కో పదార్థం గుణాన్ని బట్టి దాన్ని పట్టే పద్ధతి మారుతుంది. తేలికగా ఆవిరయ్యే మిథనాల్, ఎసిటాల్డిహైడ్‌లకు మిశ్రమంలోని పదార్థాలను విడదీసే గ్యాస్ క్రొమటోగ్రఫీ వాడతారు. ఆవిరి కాని అమైన్లు, పాలీఫినాల్‌లు, ఓక్రాటాక్సిన్‌లకు ద్రవ క్రొమటోగ్రఫీ, అంటే ల్యాబుల్లో హెచ్‌పీఎల్‌సీ అని పిలిచే పద్ధతి కావాలి. చాలా తక్కువ మోతాదులో ఉన్నవాటిని తేల్చుకోవడానికి వీటికి అణువులను బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్‌ను జోడిస్తారు. “ఇందులో హాని చేసేది ఏముందో చూడండి” అని సీసా చేతికిస్తే ఏ ల్యాబూ సమాధానం చెప్పలేదు. ఏ పదార్థాన్ని, ఎంత మోతాదు వరకు, ఏ అవసరం కోసం కొలవాలో ముందే చెప్పవలసి ఉంటుంది.

హిస్టమిన్, టైరమిన్ ఎక్కడి నుంచి వస్తాయి? వాటిని ఎలా కొలుస్తారు?

ముడిసరుకులో ఉండే హిస్టిడిన్, టైరోసిన్ అనే అమైనో ఆమ్లాల నుంచి కొన్ని లాక్టిక్ బ్యాక్టీరియాలు ఒక కార్బన్ డయాక్సైడ్ అణువును తీసివేస్తాయి. మిగిలేవే ఈ అమైన్లు. వైన్‌లో ఇవి ఎక్కువగా రెండో దశలో, అంటే మాలిక్ ఆమ్లం లాక్టిక్ ఆమ్లంగా మారే పులియడంలో పుడతాయి. సాధారణంగా ఎర్ర వైన్లన్నీ ఈ దశ దాటుతాయి కనుక తెల్ల వైన్ల కంటే వాటిలో హిస్టమిన్ ఎక్కువగా కనిపిస్తుంది. ఆమ్లత తగ్గినా, పాత్రలు సరిగా శుభ్రం కాకపోయినా, పులిసిన తర్వాత మడ్డి మీద ఎక్కువ కాలం ఉంచినా ఈ బ్యాక్టీరియాలకు అవకాశం చిక్కుతుంది. అందుకే అనుభవం ఉన్న తయారీదారులు అమైన్ల సంఖ్యను ఆరోగ్యానికి సంబంధించిన సమాచారంగానే గాక తమ శుభ్రతకు వచ్చిన మార్కులుగా కూడా చదువుతారు.

కొలిచే పద్ధతి చూడటానికి ముచ్చటగా ఉంటుంది. హిస్టమిన్ తనంతట తాను వెలుగునివ్వదు. అందుకని వడపోసిన నమూనాకు ఆర్థో థాలాల్డిహైడ్ అనే కారకాన్ని, దానితో పాటు మెర్కాప్టోఇథనాల్‌ను కలుపుతారు. కుళ్లిన గుడ్ల వాసన వేసే ఆ రెండోదాని సీసా మూత తీస్తే గది అవతలి వారికి కూడా తెలిసిపోతుంది. ఆ కలయికతో అమైన్ మీద ఒక కొత్త నిర్మాణం ఏర్పడి, అతినీలలోహిత కాంతి పడగానే నీలంగా మెరుస్తుంది. యంత్రంలోని కాలమ్ అనే సన్నని గొట్టం గుండా వెళ్లేటప్పుడు ఒక్కో అమైన్ ఒక్కో సమయానికి బయటికి వస్తుంది, డిటెక్టర్ ఆ మెరుపును కొండశిఖరంలాంటి గీతగా గీస్తుంది, ఆ శిఖరం కింది వైశాల్యాన్ని తెలిసిన గాఢత గల ప్రామాణిక ద్రావణంతో పోల్చి లెక్క కడతారు. ఏర్పడిన ఆ పదార్థం నిలకడ లేనిది కనుక కారకం కలిపిన క్షణం నుంచి కాలమ్‌లోకి పంపే క్షణం వరకు పట్టే సమయం ప్రతి నమూనాకూ ఒకేలా ఉండాలి. ఈ పని యంత్రానికి అప్పగించిన చోట ఫలితాలు నిలకడగా ఉంటాయి, చేత్తో చేసే చోట మాత్రం మధ్యాహ్నం భోజనానికి ముందు, తర్వాత వచ్చిన అంకెలను పక్కపక్కన పెట్టి చూడటం మంచిది.

వైన్ తాగిన ప్రతిసారీ నాకు తలనొప్పి వస్తుంది. హిస్టమిన్ పరీక్ష చేయిస్తే కారణం బయటపడుతుందా?

చాలావరకు బయటపడదు. మన పేగుల్లో హిస్టమిన్‌ను విడగొట్టే డయామిన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది తక్కువగా ఉన్నవారికి కొద్దిపాటి హిస్టమిన్‌తో కూడా ముఖం ఎర్రబడటం, ముక్కు కారడం, తలనొప్పి రావచ్చు. కాని అదే సీసాలో ఆల్కహాల్, ఎసిటాల్డిహైడ్, సల్ఫైట్లు, ఫినాల్‌లు కూడా ఉన్నాయి. ఎర్ర వైన్‌లోని క్వెర్సెటిన్ అనే ఫినాల్ శరీరంలో మార్పు చెంది ఎసిటాల్డిహైడ్‌ను తొలగించే ఎంజైమ్‌ను అడ్డుకుంటుందేమోనన్న ప్రతిపాదన 2023లో వచ్చింది. అది పరీక్షనాళికలో ఎంజైమ్ మీద చేసిన ప్రయోగం ఆధారంగా చెప్పిన మాట. ఇన్ని అనుమానితుల్లో ఒక్కరిని పట్టుకొచ్చి కొలిచినంత మాత్రాన నేరం రుజువు కాదు. ఇంకో మాట కూడా చెప్పాలి. తూర్పు ఆసియా మూలాలున్న చాలామందిలో ఎసిటాల్డిహైడ్‌ను తొలగించే ఎంజైమ్ జన్యుపరంగానే బలహీనంగా ఉంటుంది. వారికి ముఖం ఎర్రబడటం సీసా లోపం వల్ల వచ్చేది కాదు, తాగడం మానుకోమని శరీరం చేసే హెచ్చరిక.

మందులు వాడుతున్నవారు టైరమిన్ గురించి ఎందుకు జాగ్రత్తపడాలి?

మామూలుగా పేగులు, కాలేయంలోని మోనోఅమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ టైరమిన్‌ను రక్తంలో చేరకముందే విడగొడుతుంది. ఫినెల్జిన్, ట్రానిల్‌సైప్రమిన్ వంటి పాత తరం డిప్రెషన్ మందులు ఆ ఎంజైమ్‌నే ఆపేస్తాయి. అప్పుడు టైరమిన్ నేరుగా రక్తంలోకి వెళ్లి రక్తపోటును హఠాత్తుగా ప్రమాదస్థాయికి పెంచగలదు. పాశ్చరైజ్ చేయని, పీపాల నుంచి పట్టిచ్చే బీర్లలో, బ్యాక్టీరియాతో పులుపెక్కించిన బీర్లలో టైరమిన్ ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. పైగా ఒక పీపాకూ మరో పీపాకూ తేడా వస్తుంది. ఒక సీసా పరీక్షలో తక్కువని తేలినంత మాత్రాన తర్వాతి సీసాకు అది హామీ కాదు. అందువల్ల ఈ మందులు వాడేవారు ల్యాబు నివేదికను నమ్ముకొని తాగవద్దు, వైద్యుడు వద్దన్నదానికి దూరంగా ఉండాలి.

పులియబెట్టిన పానీయంలో మిథనాల్ సహజంగానే వస్తుందా? అది ప్రాణాంతకం కాదా?

వస్తుంది. పండ్ల గుజ్జును పట్టి ఉంచే పెక్టిన్‌ను పండులోనే ఉన్న ఒక ఎంజైమ్ విడగొట్టినప్పుడు మిథనాల్ బయటపడుతుంది. ఎక్కువ కాలం తొక్కతో కలిసి పులిసే ఎర్ర వైన్‌లో ఇది తెల్ల వైన్‌లో కంటే ఎక్కువ. అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ ఎర్ర వైన్‌కు లీటరుకు 400 మిల్లీగ్రాములు, తెల్ల, గులాబీ వైన్లకు 250 మిల్లీగ్రాములు పరిమితిగా పెట్టింది. ధాన్యంలో పెక్టిన్ చాలా తక్కువ కాబట్టి బీరులో మిథనాల్ నామమాత్రంగానే ఉంటుంది.

ప్రాణాలు తీసేది ఈ సహజ మోతాదు కాదు. శరీరంలో మిథనాల్ ఫార్మాల్డిహైడ్‌గా, ఆపై ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీసి ప్రాణాల మీదికి తెస్తుంది. అయితే పెద్ద ఎత్తున జరిగే విషప్రమాదాలన్నీ దాదాపుగా పారిశ్రామిక మిథనాల్‌ను కలిపిన కల్తీ వల్లనే. 1986లో ఇటలీలో వైన్‌లో మిథనాల్ కలిపి అమ్మిన ఉదంతంలో 20 మందికి పైగా చనిపోయారు. రుచిలోగాని వాసనలోగాని ఇథనాల్‌కూ మిథనాల్‌కూ తేడా పట్టడం అసాధ్యం. మంట రంగు చూసి చెప్పేస్తామనే చిట్కాను కూడా నమ్మకూడదు, ఎందుకంటే రెండూ కలిసి ఉన్నప్పుడు ఆ రంగు ఏమీ చెప్పదు. దీనికి నమ్మదగిన దారి గ్యాస్ క్రొమటోగ్రఫీ. అక్కడ కూడా ఇథనాల్ మహాశిఖరం పక్కన మిథనాల్ చిన్న మిట్టలాగా కాస్త ముందు వస్తుంది, కాలమ్ పాతబడితే ఆ మిట్ట శిఖరంలో కలిసిపోతుంది.

ఇథైల్ కార్బమేట్ పేరు పెద్దగా వినపడదు. దాన్ని ఎందుకు పరీక్షిస్తారు?

ఈస్ట్ వదిలే యూరియా, బ్యాక్టీరియా వదిలే సిట్రులిన్, టెంక ఉన్న పండ్ల గింజల్లోని సయనైడ్ సంబంధిత పదార్థాలు ఇథనాల్‌తో మెల్లగా చర్య జరిపినప్పుడు ఇథైల్ కార్బమేట్ ఏర్పడుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థంగా 2ఏ వర్గంలో ఉంచింది. 1985లో కెనడా దీన్ని గమనించి పరిమితులు విధించింది. సాధారణ వైన్‌కు లీటరుకు 30 మైక్రోగ్రాములు, బ్రాందీ కలిపి ఘాటు పెంచిన వైన్‌కు 100, బియ్యంతో చేసే జపాను మద్యం సాకేకు 200, పండ్ల బ్రాందీకి 400 మైక్రోగ్రాములు ఆ పరిమితులు. ఈ పదార్థంతో వచ్చే చిక్కేమిటంటే సీసాలో నింపిన రోజున తక్కువగా ఉన్నది వేడిగా ఉన్న గోదాములో నెలల తరబడి ఉంచితే పెరుగుతుంది. కాబట్టి ఇప్పుడున్న ఇథైల్ కార్బమేట్‌తో పాటు మిగిలి ఉన్న యూరియాను కూడా కొలిపించడం ముందుచూపు.

బూజు విషాల పరీక్ష ఎప్పుడు అవసరం?

ముడిసరుకు తడిసి, వేడిలో నిలవ ఉండి బూజు పట్టే అవకాశం ఉన్నప్పుడల్లా అవసరం. ద్రాక్ష మీద నల్ల ఆస్పర్‌జిల్లస్ జాతి బూజులు, చల్లని వాతావరణంలో నిలవ ఉంచిన ధాన్యం మీద పెనిసిలియం జాతి బూజు ఓక్రాటాక్సిన్ ఏ అనే విషాన్ని తయారు చేస్తాయి. అది మూత్రపిండాలకు హాని చేస్తుంది. మొక్కజొన్నతో చేసే బీర్లకైతే ఇంకో రకం బూజు విషాలైన అఫ్లాటాక్సిన్‌లను కూడా చూడాలి. పులియడం వల్లగాని మరిగించడం వల్లగాని ఈ విషాలు పూర్తిగా నశించవు. ఐరోపా సమాఖ్య వైన్‌లో ఓక్రాటాక్సిన్‌కు కిలోకు 2 మైక్రోగ్రాముల పరిమితి పెట్టింది. ఇంత తక్కువను పట్టుకోవడానికి ఆ విషాన్ని మాత్రమే అంటిపెట్టుకునే యాంటీబాడీలు నింపిన చిన్న గొట్టం గుండా నమూనాను పోసి, మిగతాదంతా కడిగివేసి, ఆ తర్వాత యంత్రంలోకి పంపుతారు.

ఎర్ర వైన్‌లో రెస్వెరట్రాల్ ఉంటుంది కదా, దాన్ని కొలిచి గుండెకు మంచిదని చెప్పవచ్చు కదా?

కొలవవచ్చు, ఆ మాట మాత్రం చెప్పకూడదు. కొవ్వు ఎక్కువగా తినే ఫ్రాన్స్‌లో గుండెజబ్బు మరణాలు తక్కువగా ఉండటానికి వైన్ కారణం కావచ్చని ఫ్రెంచ్ శాస్త్రవేత్త సెర్జ్ రెనో 1992లో రాసిన తర్వాత ఈ పదార్థానికి పేరు వచ్చింది. అదే ఏడాది వైన్‌లో రెస్వెరట్రాల్ ఉనికిని కూడా పరిశోధకులు ప్రకటించారు. కథ అందంగా కుదిరింది గాని లెక్క కుదరలేదు. లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉన్న వైన్‌ను తీసుకుందాం, అది మరీ తక్కువేమీ కాదు. మనుషుల మీద జరిగిన ప్రయోగాల్లో వాడిన మాత్రల స్థాయిలో 500 మిల్లీగ్రాములు కావాలంటే 250 లీటర్లు తాగాలి. ఆ 250 లీటర్లలో దాదాపు 25 కిలోల ఇథనాల్ ఉంటుంది. ఈ భాగహారం చేయడానికి ల్యాబు అక్కరలేదు, నివేదికలో రెస్వెరట్రాల్ అంకె పక్కన ఆల్కహాల్ శాతం ఉంటే చాలు. సురక్షితమని చెప్పదగ్గ మద్యం మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2023 జనవరిలో ప్రకటించింది.

కొలిచే పనిలో ఒక మెళకువ ఉంది. రెస్వెరట్రాల్‌కు ట్రాన్స్, సిస్ అని రెండు రూపాలున్నాయి, వెలుతురు తగిలితే మొదటిది రెండోదిగా మారిపోతుంది. తెల్లని గాజు వయల్‌లో పోసి కిటికీ పక్కన ఉంచిన నమూనాలో ట్రాన్స్ రూపం శిఖరం కుంగి, పక్కన ఇంకో శిఖరం లేస్తుంది. అందుకే గోధుమరంగు గాజు వాడతారు, రెండు రూపాలనూ విడివిడిగా కొలిచి కలిపి చూపిస్తారు.

“మొత్తం పాలీఫినాల్‌లు” అని ఒకే సంఖ్య ఇచ్చే పరీక్షను ఎంతవరకు నమ్మవచ్చు?

ఫోలిన్, సియోకల్త్యూ అనే ఇద్దరి పేరుతో 1927 నుంచి ఉన్న కారకం ఇందులో వాడతారు. ఫినాల్‌లు తగిలితే అది నీలంగా మారుతుంది, ఆ నీలం గాఢతను 765 నానోమీటర్ల దగ్గర కొలిచి గాలిక్ ఆమ్లంతో సమానంగా చెబుతారు. కానీ సల్ఫైట్లు, విటమిన్ సి, కొన్ని చక్కెరలు కూడా దాన్ని నీలం చేయగలవు. ఒకే తరహా వైన్లను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి ఇది చవకైన, పనికొచ్చే పరీక్ష. తియ్యటి పానీయాన్నీ చప్పటి పానీయాన్నీ పోల్చి ఒకదానికి పతకం ఇవ్వడానికి ఇది సరిపోదు.

సల్ఫైట్లు కలపని పానీయంలో కూడా అవి కనిపించాయి. ఎవరో అబద్ధం చెబుతున్నట్టేనా?

అక్కరలేదు. ఈస్ట్ తానే కొంత సల్ఫైట్‌ను తయారు చేస్తుంది. లీటరుకు 10 మిల్లీగ్రాముల స్థాయిని ఐరోపా సమాఖ్యలో దాటితే, అమెరికాలో చేరితే లేబుల్‌పై ఆ సంగతి రాయాలి. కొన్ని ఈస్ట్‌లు ఆ గీతను సొంతంగానే దాటుతాయి. ఉబ్బసం ఉన్న కొందరికి సల్ఫైట్లు ఇబ్బంది కలిగిస్తాయి కనుక కలిపారా లేదా అన్నదాని కంటే ఎంత ఉంది అన్నదే వారికి ముఖ్యం.

బీరులో గ్లూటెన్ పరీక్ష ఫలితం సీలియాక్ వ్యాధి ఉన్నవారికి సరిపోతుందా?

జాగ్రత్తగా చూడాలి. సీలియాక్ వ్యాధి ఉన్నవారికి బార్లీ, గోధుమ వంటి ధాన్యాల్లోని గ్లూటెన్ అనే ప్రోటీన్ పడదు. పులిసేటప్పుడు బార్లీ ప్రోటీన్లు చిన్న ముక్కలుగా తెగుతాయి. పెద్ద ప్రోటీన్‌ను రెండు చోట్ల పట్టుకొని కొలిచే మామూలు ఎలైజా (యాంటీబాడీలతో ప్రోటీన్‌ను గుర్తించే) పరీక్ష ఈ ముక్కలను గుర్తించలేక తక్కువ చూపించవచ్చు. చిన్న ముక్కలను కూడా లెక్కించే పోటీ తరహా ఎలైజా ఉంది గాని, దానికీ హద్దులున్నాయి. పులిసిన ఆహారాల్లో గ్లూటెన్‌ను కచ్చితంగా కొలిచే, శాస్త్రీయంగా నిలబడే పద్ధతి లేదన్న కారణంతోనే అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2020లో అటువంటి వాటికి ముడిసరుకు దశలోనే గ్లూటెన్ లేదని రుజువులు ఉండాలని నియమం తెచ్చింది. బార్లీతో చేసి తర్వాత ఎంజైమ్‌తో గ్లూటెన్ తగ్గించిన బీరు కంటే, అసలు గ్లూటెన్ లేని ధాన్యంతో చేసినదే ఈ వ్యాధి ఉన్నవారికి నమ్మదగినది.

నమూనాను ఎలా సేకరించి పంపాలి?

పరీక్ష తప్పడమంటూ జరిగితే ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. ఎసిటాల్డిహైడ్ దాదాపు 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది, అంటే సగం నింపిన సీసాను మామూలు గదిలో ఉంచి రెండుసార్లు మూత తీస్తే కొలవవలసినది గాలిలో కలిసిపోతుంది. శుభ్రమైన గాజు సీసాను మెడ వరకు నింపి, చల్లగా ఉంచి, వెలుతురు తగలకుండా పంపాలి. ఇంకా పులుస్తున్న ద్రవాన్ని మాత్రం గట్టిగా బిగించి పంపవద్దు, వాయువు పెరిగి సీసా పగులుతుంది. దాన్ని ఏ దశలో ఆపాలో, వడపోయాలో ల్యాబును ముందే అడగాలి. ఒకే తయారీ విడత నుంచి రెండు సీసాలు తీసి, ఒకటి మీ దగ్గర చల్లగా దాచుకోండి. ఫలితం మీద సందేహం వచ్చిన రోజు ఆ రెండో సీసాయే మీ సాక్ష్యం. పులియడం మొదలైన తేదీ, నమూనా తీసిన తేదీ, కలిపిన పదార్థాలు సీసా మీద రాయడం మరవవద్దు.

నివేదికలో “గుర్తించబడలేదు” అని ఉంది. అంటే అసలు లేనట్టేనా?

ఆ పద్ధతి చూడగలిగిన హద్దుకు దిగువన ఉందని మాత్రమే దాని అర్థం. ఆ హద్దు ఎంతో పక్కనే రాసి ఉండాలి. ఓక్రాటాక్సిన్‌కు 2 మైక్రోగ్రాముల పరిమితి ఉన్నప్పుడు, 5 మైక్రోగ్రాముల లోపు చూడలేని పద్ధతి ఇచ్చిన “గుర్తించబడలేదు” అన్న మాటకు విలువ సున్నా. అలాగే కొలత యూనిట్‌ను కూడా చూసుకోండి. మిల్లీగ్రాముకూ మైక్రోగ్రాముకూ మధ్య వెయ్యి రెట్ల తేడా ఉంది, ఆ ఒక్క పదాన్ని పొరపాటున చదివి అనవసరంగా భయపడేవారు, అనవసరంగా ధీమా పడేవారు ఇద్దరూ ఉన్నారు.

రెండు ల్యాబులు రెండు సంఖ్యలు ఇచ్చాయి. ఏది నిజం?

రెండూ నిజం కావచ్చు. ప్రతి కొలతకూ కొంత అనిశ్చితి ఉంటుంది. ఒకటి 8, మరొకటి 9 అని చెప్పి, రెండింటి అనిశ్చితీ 1 అయితే వాటి మధ్య తగాదా లేదు. తేడా అంతకు మించితే కొన్ని ప్రశ్నలు అడగండి. తెలిసిన మోతాదును నమూనాలో కలిపి తిరిగి ఎంత శాతం రాబట్టగలిగారు, ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 (ల్యాబుల సామర్థ్యానికి అంతర్జాతీయ ప్రమాణం) గుర్తింపు ఈ పానీయానికి, ఈ పదార్థానికి కూడా వర్తిస్తుందా అన్నవి వాటిలో ముఖ్యమైనవి. ఆ గుర్తింపు ల్యాబు మొత్తానికి కాకుండా పద్ధతుల వారీగా ఇస్తారు. నీటి పరీక్షకు గుర్తింపు ఉన్న ల్యాబుకు వైన్‌లో అమైన్ల పరీక్షకు ఉండకపోవచ్చు.

ఇంట్లో వాడే పరీక్ష పట్టీలు సరిపోతాయా?

సల్ఫైట్‌ను ఉజ్జాయింపుగా చూసుకోవడానికి కొంత పనికొస్తాయి, ఎర్ర వైన్ రంగు మాత్రం పట్టీ రంగును చెడగొడుతుంది. ద్రవం సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్ చక్కెర ఎంతవరకు ఖర్చయిందో చెబుతుందే గాని హానికర పదార్థాల గురించి ఏమీ చెప్పదు. మిథనాల్ విషయంలో ఇంటి పరీక్ష మీద ఎవరి ప్రాణాన్నీ పందెం కాయవద్దు.

చిన్న ఎత్తున తయారు చేసేవారు డబ్బు తక్కువగా ఉంటే ముందు ఏ పరీక్ష చేయించాలి?

ముడిసరుకే దారి చూపిస్తుంది. పెక్టిన్ ఎక్కువ ఉన్న పండ్ల గుజ్జుతో చేస్తే మిథనాల్, టెంక పండ్లయితే ఇథైల్ కార్బమేట్, బ్యాక్టీరియాతో పులుపెక్కిస్తే అమైన్లు, ధాన్యం తేమలో నిలవ ఉంటే బూజు విషాలు ముందు చూడాలి. రెస్వెరట్రాల్ పరీక్షను పట్టికలో అట్టడుగున పెట్టినా నష్టం లేదు.

అన్నీ పరిమితుల లోపలే ఉన్నాయని నివేదిక వచ్చింది. “ఆరోగ్యానికి మంచిది” అని లేబుల్‌పై వేయవచ్చా?

ఐరోపా సమాఖ్యలో 1.2 శాతం కంటే ఎక్కువ ఆల్కహాల్ ఉన్న పానీయాలపై ఆరోగ్య ప్రయోజనాలను చాటుకోవడాన్ని 2006 నాటి నియమావళి నిషేధించింది. అక్కడ ఎంత మంచి నివేదిక చేతిలో ఉన్నా ఆ మాట లేబుల్‌పై రాయకూడదు. పరిమితుల లోపల ఉండటమంటే పరీక్షించిన ఆ కొన్ని పదార్థాలు ఆ ఒక్క సీసాలో, నమూనా తీసిన ఆ రోజున అంత మోతాదులోనే ఉన్నాయని.